బిలాస్‌పూర్ స్టేషన్‌లో కవిత.. టాగోర్ చిత్రాల్లో పేరులేని ముఖాలు

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లో విశ్వకవి రవీంద్రనాథ్ టాగోర్ కవిత ‘ఫాంకి’ ఫలకంపై దర్శనమిస్తుంది. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోనిదీ కవిత. జబ్బుపడిన భార్య బీనూను గాలిమార్పుకు తీసుకెళుతున్న భర్త, రైలు మారేందుకు ఇక్కడ ఆరు గంటలు నిరీక్షిస్తాడు. కూతురి పెళ్లికి సాయం కోరిన రుక్మిణి అనే పేదరాలికి 25 రూపాయలు ఇవ్వమని బీనూ అడుగుతుంది. అతడు రెండు రూపాయలు చేతిలో పెట్టి, మొత్తం ఇచ్చినట్లు భార్యను నమ్మిస్తాడు. రెండు నెలలకు ఆమె కన్నుమూస్తుంది. ఆ బాకీ తీర్చాలని అతడు బిలాస్‌పూర్ తిరిగి వచ్చేసరికి రుక్మిణి జాడ ఉండదు.

ఇది టాగోర్ సొంత అనుభవమేనని ఈ ప్రాంతంలో చాలామంది విశ్వసిస్తారు. కవితను జీవితచరిత్రగా చదవడం అంత క్షేమం కాదు. ఆయన సతీమణి మృణాళినీదేవి 1902 నవంబరు 23న కలకత్తాలోని జొరాసాంకో నివాసంలో మరణించారు. మరుసటి ఏడాది కుమార్తె రేణుక, 1907లో చిన్న కుమారుడు శమీంద్రనాథ్ దూరమయ్యారు. ఆ వియోగాలు వాస్తవం. రుక్మిణి కల్పనే కావచ్చు.

1861 మే 7న జన్మించి, 1913లో నోబెల్ అందుకున్న టాగోర్, చిత్రలేఖనాన్ని తీవ్రంగా చేపట్టింది అరవై దాటాకే. 1924లో అర్జెంటీనాలో విశ్రాంతి తీసుకుంటూ రాసిన ‘పూరబి’ కవితల చేతిప్రతిలో కొట్టివేసిన పదాలను గీతలతో కలుపుకుంటూ పోయారు. ఆ గీతల నుంచి వింత పక్షులు, ఏ అడవిలోనూ లేని జంతువులు పుట్టుకొచ్చాయి. ఆ పుటలు చూసి ముగ్ధురాలైన ఆతిథేయి విక్టోరియా ఒకాంపో చొరవతోనే 1930 మేలో ప్యారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన తొలి చిత్రప్రదర్శన జరిగింది. అదే ఏడాది బెర్లిన్, మాస్కో, న్యూయార్క్ నగరాలూ ఆ బొమ్మలను చూశాయి.

శిక్షణ లేని చేయి అది. కుంచె అందకపోతే గుడ్డపీలిక, వేలికొన చాలేవి. ముసుగుల్లాంటి మొహాలు, చీకటి నేపథ్యంలో కోలముఖపు స్త్రీలు మళ్లీ మళ్లీ వస్తారు. వారిలో యౌవనంలోనే ఆత్మహత్య చేసుకున్న వదిన కాదంబరీదేవి ఛాయలు ఉన్నాయని కొందరు విమర్శకుల అభిప్రాయం. టాగోర్ మాత్రం చిత్రాలకు పేర్లు పెట్టేందుకే ఇష్టపడలేదు. చూసేవారు తమకు తోచింది చూడాలన్నది ఆయన పట్టుదల.

1941 ఆగస్టు 7న, జొరాసాంకో ఇంట్లోనే ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి గీసిన చిత్రాలు రెండు వేలకు పైమాటే. వాటిలో అత్యధికం శాంతినికేతన్‌లో భద్రంగా ఉన్నాయి, పేరు లేకుండానే.