పెదవి పగులు - సుబ్బారావు గారి మాత్ర

ఫాల్గుణం దాటిందంటే మా ప్రొద్దుటూరులో పెదవులు ఎండిపోతాయి. పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు కనపడవు. బజారుకు పోయి వచ్చేసరికి వడగాలికి ముఖమంతా బిగుసుకుపోతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను మాటిమాటికీ నాలుకతో పెదవులు తడుపుకుంటుంటే మా అత్త కోప్పడేది. ఆమె కోపంలో నిజముంది. నాలుక తడి ఆరేటప్పుడు పెదవిలో ఉన్న తడిని కూడా తీసుకుపోతుంది. తడిపేకొద్దీ ఇంకా పగులుతుంది. రాత్రి పడుకోబోయే ముందు కాస్త వెన్నో, నెయ్యో, వేజలినో రాసుకోవడం, లేచిన పొరను గోటితో పీకకపోవడం, ఎండలో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం, నీళ్ళూ మజ్జిగా తాగడం - ఇవి చేస్తే మామూలు పగుళ్ళు కొద్ది రోజుల్లో మానుతాయి.

కానీ మానని పగులు కూడా ఉంటుందని మా ఆడబిడ్డను చూశాక తెలిసింది. పులివెందులలో కాపురం. రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పెదవి రెండు మూలలూ చీలిపోయి, సంగటి ముద్ద పెట్టుకోవడానికి నోరు తెరవలేకపోయేది. నాలుక నున్నగా, ఎర్రగా ఉండేది. నెల రోజులు నెయ్యి రాశాం. తగ్గలేదు. చివరికి జమ్మలమడుగులో ఒక డాక్టరమ్మకు చూపించాం. ఆమె పెదవి కన్నా ముందు కనురెప్ప కింద చూసి, రక్తపరీక్ష చేయించి, ఇది రక్తహీనత అన్నారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రలు, బి కాంప్లెక్సు రాసిచ్చారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయించింది మన తెలుగాయనే, తెలుసా అని కూడా అడిగారు. డిగ్రీ చదివిన నాకు తెలియలేదు. సిగ్గేసి, ఇంటికొచ్చి ఆయన గురించి వెతికి చదివాను.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. తండ్రి పోయాక నగలు అమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. ఈ జబ్బులో పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు, రక్తహీనత, నోరంతా పూత. సుబ్బారావు గారికీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. బతికినవాడు ఊరుకోలేదు. ఆ జబ్బుకు మందు కనుక్కోవాలన్న పట్టుదలతో 1920ల మొదట్లో అమెరికా ఓడ ఎక్కారు.

అప్పటికి ఆయన భార్య శేషగిరి గర్భవతి. 1919లో పెళ్ళయింది. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇలాంటి భార్యలకు ఒకటి రెండు వాక్యాలే దక్కుతాయి.

బోస్టన్‌లో ఖర్చుల కోసం ఆయన రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి 1925లో శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి చెప్పారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీదా పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

ఇంతలో ఇంకో కథ నడిచింది. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో చెప్పింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థంతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు కూడా అది పనికొచ్చింది. బోదకాలు క్రిమికి వాడే మందు, ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన ప్రయోగశాలల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే న్యూయార్కులో కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

పెదవి మూలలు చీలడానికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే కారణం కాదు. ఐరన్, రైబోఫ్లేవిన్ అనే బి2 తగ్గినా, శిలీంధ్రం సోకినా, కట్టుడు పళ్ళు సరిగా కుదరకపోయినా అవుతుంది. అందుకే సొంత వైద్యం వద్దు. రెండు మూడు వారాల్లో మానకపోతే డాక్టరుకు చూపించాలి. వక్కాకు, పొగాకు నమిలేవారు పెదవి మీద తెల్లమచ్చ గానీ, మానని పుండు గానీ కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

వంటింట్లో మనం చేయగలిగింది కూడా ఉంది. ఆకుకూర కడిగాకే తరగాలి. ఉడికించిన నీళ్ళు పారబోయకూడదు. ఆకుకూర, పెసలు, అలసందలు, శెనక్కాయల్లో ఫోలిక్ యాసిడ్ దొరుకుతుంది. పాలు, పెరుగు, గుడ్డులో బి2 ఉంటుంది. పాలగ్లాసు ఎండలో పెడితే అది పోతుంది. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. మలం నల్లగా వచ్చిందని భయపడి మానేస్తారు కొందరు. అది ఐరన్ వల్లే, భయం లేదు.

మా ఆడబిడ్డ పెదవులు నెల తిరక్కముందే మానాయి. డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఇంట్లో అందరూ తిన్నాక నీ కంచంలోకి ఏం మిగులుతుందమ్మా అని అడిగారు. ఆడబిడ్డ బదులు చెప్పలేదు. నేనూ తల దించుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో పప్పాకు చేసిన రోజు, వడ్డించకముందే ఒక గిన్నెలో నా వంతు తీసి పక్కన పెట్టుకుంటున్నాను.