జానీ యునైటస్

జానీ యునైటస్ (మే 7, 1933 - సెప్టెంబరు 11, 2002) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు జాన్ కాన్‌స్టాంటైన్ యునైటస్. 1956 నుండి 1972 వరకు బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకు, 1973లో శాన్ డియాగో ఛార్జర్స్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. 1959, 1964, 1967 సంవత్సరాలలో లీగ్‌లోకెల్లా అత్యుత్తమ క్రీడాకారునిగా ఎంపికయ్యాడు. పాసుల ద్వారా 40,000 గజాలకు పైగా సాధించిన మొదటి ఆటగాడు ఇతడే. ఇంతటి ఆటగాడిని 1955లో సీజను మొదలు కాకముందే ఇతని సొంత ఊరి జట్టు జాబితా నుండి తొలగించింది. ఇతనికి తరువాత ఆడే అవకాశం వచ్చింది మరొకరి గాయం వలన. స్థానం చేజారింది తన గాయం వలన.

జట్టు ఎంపిక విధానం

అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో ఫుట్‌బాల్ పేరుతో ఆడే ఆట కాదు. రెండు కొసలు సన్నగా ఉండే కోలబంతిని చేతితో విసిరి, పట్టుకొని, మోసుకుపోయి ప్రత్యర్థి గీతను దాటించడం ఇందులో ముఖ్యం. అలా దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు. బంతి తమ వద్ద ఉన్న పక్షాన్ని నడిపించే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. దాదాపు ప్రతి ఎత్తుగడ అతని చేతిలోనే మొదలవుతుంది. యునైటస్ కాలంలో తరువాతి ఎత్తుగడ ఏమిటో మైదానంలో నిలబడి నిర్ణయించేది కూడా సాధారణంగా అతడే. ఒక జట్టులో ఒక సమయంలో ఒక్క క్వార్టర్‌బ్యాక్ మాత్రమే ఆడతాడు కనుక మిగిలినవారు పక్కన కూర్చొని ఎదురు చూడవలసిందే.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.) సీజను శరదృతువులో మొదలవుతుంది. అంతకు ముందు వేసవిలో ప్రతి జట్టు శిక్షణ శిబిరం నిర్వహించి, కొన్ని సన్నాహక పోటీలు ఆడుతుంది. వీటి గెలుపోటములు పట్టికలో లెక్కకు రావు. శిబిరానికి వచ్చిన వారిలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపివేయాలి అన్నది తేల్చడమే వీటి అసలు ప్రయోజనం. 1955లో ఒక్కొక్క జట్టు 33 మంది ఆటగాళ్ళను మాత్రమే ఉంచుకోగలిగేది, లీగ్‌లో ఉన్నవి 12 జట్లు. అంటే దేశం మొత్తం మీద నాలుగు వందల కన్నా తక్కువ స్థానాలు. సన్నాహక పోటీలలో తగిలే దెబ్బలకు మాత్రం మినహాయింపు ఏమీ ఉండదు. లెక్కకు రాని ఆటలో తగిలిన గాయంతో ఏడాదంతా పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

బాల్యం, విద్యాభ్యాసం

యునైటస్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో లిథువేనియా మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. తండ్రి బొగ్గు సరఫరా వ్యాపారం చేసేవాడు. యునైటస్‌కు అయిదేళ్ళ వయసులో తండ్రి మరణించగా, తల్లి హెలెన్ ఆ వ్యాపారాన్ని నిలబెడుతూ, వేరే పనులు కూడా చేసి నలుగురు పిల్లలను పెంచింది. సెయింట్ జస్టిన్స్ ఉన్నత పాఠశాలలో ఇతడు ఫుట్‌బాల్ ఆడాడు. పేరుపొందిన నోటర్ డామ్ విశ్వవిద్యాలయం తరపున ఆడాలని ఆశపడినా, మరీ సన్నగా ఉన్నాడని అక్కడివారు తీసుకోలేదు. చివరకు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ విశ్వవిద్యాలయం ఇతనికి ఉపకారవేతనం ఇచ్చింది. అక్కడ చేరేనాటికి ఇతని బరువు సుమారు 145 పౌండ్లు (66 కిలోలు).

1952లో ఆ విశ్వవిద్యాలయం క్రీడలపై ఖర్చు తగ్గించుకోవడంతో పలువురు ఆటగాళ్ళు ఉపకారవేతనాలు కోల్పోయారు. మిగిలిన కొద్దిమందితో నెట్టుకొచ్చిన ఆ జట్టులో యునైటస్ దాడిలోనూ రక్షణలోనూ ఆడవలసి వచ్చింది. జట్టు గెలిచినవి తక్కువే కావడంతో దేశం దృష్టి అంతగా ఇతనిపై పడలేదు.

స్టీలర్స్ శిబిరం, తొలగింపు

కళాశాల ఆటగాళ్ళను వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియను డ్రాఫ్ట్ అంటారు. 1955 డ్రాఫ్ట్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తొమ్మిదవ వంతులో, మొత్తం మీద 102వ వానిగా యునైటస్‌ను ఎంచుకుంది. సొంత ఊరి జట్టే కావడం ఇతనికి సంతోషం కలిగించి ఉండాలి. కాని శిబిరంలో అప్పటికే జిమ్ ఫింక్స్, టెడ్ మార్చిబ్రోడా అనే అనుభవజ్ఞులు, విక్ ఈటన్ అనే మరొక కొత్త ఆటగాడు ఉన్నారు. నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లకు మూడు స్థానాలు. కోచ్ వాల్ట్ కీస్లింగ్ దృష్టిలో యునైటస్‌కు జట్టును నడిపే తెలివితేటలు లేవు. సీజను మొదలు కాకముందే ఇతన్ని తొలగించారు.

ఈ నిర్ణయాన్ని క్రీడాచరిత్రలోని పెద్ద పొరపాట్లలో ఒకటిగా చెప్పడం పరిపాటి. అయితే 33 మందితోనే జట్టును నడపవలసిన కోచ్ వైపు నుండి కూడా చూడాలి. క్వార్టర్‌బ్యాక్‌గానే గాక ఇతర స్థానాలలో కూడా పనికివచ్చే ఈటన్‌ను ఉంచుకోవడం ఆ లెక్కలో అర్థం లేని పని కాదు. తప్పు ఉన్నది యునైటస్‌ను సరిగా పరీక్షించకపోవడంలోనే. ఈటన్ ఆ ఒక్క సీజను మాత్రమే ఆడాడు, ఫింక్స్ కూడా ఆ ఏడాదితోనే ఆట మానుకున్నాడు. ఆనాడు స్థానం నిలుపుకున్న మార్చిబ్రోడా ఇరవై ఏళ్ళ తరువాత, 1975లో, యునైటస్ వదిలివెళ్ళిన బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకే కోచ్‌గా రావడం విచిత్రం.

అప్పటికే వివాహితుడైన యునైటస్ పిట్స్‌బర్గ్‌లో భవన నిర్మాణ పనులలో కుదిరాడు. వారాంతాలలో బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే స్థానిక జట్టుకు ఆడేవాడు. అక్కడ పోటీకి 6 డాలర్లు ఇచ్చేవారు.

బాల్టిమోర్ కోల్ట్స్

1956లో బాల్టిమోర్ కోల్ట్స్ నుండి ఇతనికి పిలుపు వచ్చింది. ఇతని గురించి ఆ జట్టుకు ఎలా తెలిసిందన్నదానికి ఒకటికి మించిన కథలు ఉన్నాయి. ఒక అభిమాని రాసిన ఉత్తరమే కారణమన్నది వాటిలో ఒకటి. బ్లూమ్‌ఫీల్డ్ జట్టులోని మరొక ఆటగానితో కలిసి, పెట్రోలు ఖర్చులకు మిత్రుల వద్ద అప్పు చేసి, యునైటస్ బాల్టిమోర్ వెళ్ళాడు. కోచ్ వీబ్ యూబ్యాంక్ ఇతన్ని జట్టులో ఉంచుకున్నాడు. ఇక్కడ మొదటి క్వార్టర్‌బ్యాక్ జార్జ్ షా. అతడు 1955 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు, యునైటస్ 102వ వాడు.

1956 సీజను నాలుగవ పోటీలో, షికాగో బేర్స్‌తో ఆడుతుండగా షా కాలు విరిగింది. అతని బదులు వచ్చిన యునైటస్ విసిరిన తొలి పాస్‌ను ప్రత్యర్థి అందుకొని టచ్‌డౌన్ చేశాడు. తరువాతి ఎత్తుగడలో బంతి చేజారింది. కోల్ట్స్ 58-27తో ఓడిపోయింది. వేరే ఆటగాడు సిద్ధంగా ఉంటే యునైటస్ కథ అక్కడితో ముగిసి ఉండేదేమో. కాని షా సీజనంతా ఆడలేని స్థితిలో ఉన్నాడు. దానితో యునైటస్ కొనసాగాడు, గ్రీన్ బే, క్లీవ్‌లాండ్ జట్లపై విజయాలు సాధించాడు. షాకు ఆ స్థానం మళ్ళీ పూర్తిగా దక్కలేదు. 1957లో కోల్ట్స్ మొదటిసారిగా ఓటముల కన్నా ఎక్కువ విజయాలతో సీజను ముగించింది. ఆ ఏడాది పాసులలో గజాలు, టచ్‌డౌన్‌లు రెండింటిలోనూ లీగ్‌లో యునైటస్‌దే మొదటి స్థానం.

1958 సీజను, ఛాంపియన్‌షిప్

1958 నవంబరులో గ్రీన్ బే ప్యాకర్స్‌తో జరిగిన పోటీలో యునైటస్ పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి గాయమైంది. రెండు పోటీలకు జార్జ్ షా మళ్ళీ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఒకదానిలో జట్టు ఓడింది, ఒకదానిలో గెలిచింది. మూడవ పోటీకల్లా యునైటస్ పక్కటెముకల చుట్టూ ప్రత్యేకమైన రక్షణ కవచం ధరించి తిరిగి వచ్చాడు. నేటి వైద్యులు అనుమతించేవారా అన్నది సందేహమే.

ఆ ఏడాది డిసెంబరు 28న న్యూయార్క్ లోని యాంకీ స్టేడియంలో న్యూయార్క్ జెయింట్స్‌తో ఛాంపియన్‌షిప్ పోటీ జరిగింది. చివరి నిమిషాలలో 17-14తో వెనుకబడిన కోల్ట్స్‌ను యునైటస్ వరుస పాసులతో ముందుకు నడిపించాడు. వాటిలో మూడింటిని రేమండ్ బెర్రీ వెంటవెంటనే అందుకున్నాడు. ఏడు సెకన్లు మిగిలి ఉండగా స్టీవ్ మైరా ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలో యునైటస్ జట్టును 80 గజాలు నడిపించగా, అలన్ అమీచీ చివరి గజం దాటించి టచ్‌డౌన్ చేశాడు. కోల్ట్స్ 23-17తో గెలిచింది. ఛాంపియన్‌షిప్ అదనపు సమయంలో తేలడం లీగ్ చరిత్రలో అదే మొదటిసారి. టెలివిజన్‌లో కోట్లాది మంది చూసిన ఈ పోటీతోనే ఎన్.ఎఫ్.ఎల్. దేశవ్యాప్త ఆదరణకు పునాది పడిందని చెబుతారు. మరుసటి ఏడాది కూడా కోల్ట్స్ జెయింట్స్‌నే 31-16తో ఓడించి విజేతగా నిలిచింది.

1956 నుండి 1960 వరకు వరుసగా 47 పోటీలలో యునైటస్ కనీసం ఒక టచ్‌డౌన్ పాస్ విసిరాడు. ఈ రికార్డును 2012లో డ్రూ బ్రీస్ అధిగమించేవరకు ఎవరూ దాటలేకపోయారు.

1965 గాయాలు

జట్టులో ఒకే స్థానానికి వరుసగా గాయాలు తగిలితే ఏమవుతుందో 1965లో కోల్ట్స్‌కు తెలిసివచ్చింది. డిసెంబరు మొదట్లో యునైటస్ మోకాలికి గాయమై సీజనుకు దూరమయ్యాడు. వారం తిరగకముందే అతని బదులు ఆడిన గ్యారీ కువాజో భుజానికి దెబ్బ తగిలింది. మిగిలిన క్వార్టర్‌బ్యాక్ లేడు. కోచ్ డాన్ షులా, బంతితో పరుగెత్తే ఆటగాడైన టామ్ మ్యాటీని ఆ స్థానంలో నిలబెట్టాడు. గుర్తుంచుకోవడానికి వీలుగా ఎత్తుగడలను ఒక పట్టీపై రాసి అతని మణికట్టుకు కట్టారు. స్టీలర్స్ నుండి హడావుడిగా తెచ్చుకున్న ఎడ్ బ్రౌన్ ఒక పోటీలో సాయపడ్డాడు కాని, ఆలస్యంగా చేరినందున తదుపరి దశలో ఆడే అర్హత అతనికి లేదు. డిసెంబరు 26న గ్రీన్ బేతో జరిగిన పోటీలో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ కూడా ఆట ఆరంభంలోనే గాయపడ్డాడు. కోల్ట్స్ అదనపు సమయంలో 13-10తో ఓడింది. గ్రీన్ బే స్కోరు సమం చేసిన ఫీల్డ్ గోల్ సరైనదేనా అన్న వివాదం చాలాకాలం నడిచింది. మ్యాటీ మణికట్టు పట్టీని తరువాత ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రపరిచారు.

1968 సన్నాహక పోటీ

1967లో అత్యుత్తమ క్రీడాకారునిగా ఎంపికైన యునైటస్ 1968 సీజనుకు ముందు డల్లాస్ కౌబాయ్స్‌తో ఆడిన చివరి సన్నాహక పోటీలో కుడి మోచేతి వద్ద తీవ్రంగా గాయపడ్డాడు. బంతి విసిరే చెయ్యి అదే. పట్టికలో లెక్కకు రాని ఆ ఒక్క పోటీ ఇతని జీవితాన్ని శాశ్వతంగా మార్చింది.

అదృష్టవశాత్తు కోల్ట్స్ కొద్ది రోజుల క్రితమే న్యూయార్క్ జెయింట్స్ నుండి ఎర్ల్ మోరల్‌ను తెచ్చుకుంది. అప్పటికే పలు జట్లు మారిన 34 ఏళ్ళ మోరల్‌ను (ఒకప్పుడు స్టీలర్స్ వదులుకున్నవారిలో ఇతడూ ఒకడు) అవసరానికి ఉంటాడని తీసుకున్నారు. అతడు ఆ ఏడాది జట్టుకు 14 పోటీలలో 13 విజయాలు అందించి అత్యుత్తమ క్రీడాకారుడయ్యాడు. షాకు యునైటస్ వలన జరిగినదే ఇప్పుడు యునైటస్‌కు జరిగింది.

1969 జనవరి 12న జరిగిన మూడవ సూపర్ బౌల్‌లో కోల్ట్స్ సులభంగా గెలుస్తుందని అందరూ భావించారు. ప్రత్యర్థి న్యూయార్క్ జెట్స్‌కు కోచ్ వీబ్ యూబ్యాంక్, అనగా యునైటస్‌ను చేరదీసినవాడే. మొదటి సగంలోనే మోరల్ పాసులు మూడింటిని జెట్స్ ఆటగాళ్ళు అందుకున్నారు. మూడవ భాగంలో షులా యునైటస్‌ను దించాడు. మానని చేతితోనే ఇతడు కోల్ట్స్ ఏకైక టచ్‌డౌన్‌కు దారి చూపాడు కాని సమయం చాలలేదు. జెట్స్ 16-7తో గెలిచింది. యునైటస్‌ను ముందే ఎందుకు దించలేదన్న ప్రశ్న అభిమానులలో ఇప్పటికీ ఉంది.

చివరి సంవత్సరాలు

రెండేళ్ళ తరువాత అయిదవ సూపర్ బౌల్‌లో (జనవరి 17, 1971) పాత్రలు తారుమారయ్యాయి. జాన్ మ్యాకీకి 75 గజాల టచ్‌డౌన్ పాస్ అందించిన యునైటస్ రెండవ భాగంలో గాయపడి బయటకు రాగా, మిగిలిన ఆటను మోరల్ నడిపాడు. కోల్ట్స్ 16-13తో డల్లాస్‌ను ఓడించింది. 1971లో యునైటస్ మడమ వెనుక నరం తెగింది. 1972లో జట్టు యాజమాన్యం మారింది, కొత్త జనరల్ మేనేజర్ జో థామస్ ఇతన్ని పక్కన పెట్టించాడు. 1973లో శాన్ డియాగోకు పంపారు. అక్కడ నాలుగు పోటీలు ఆరంభించాడు. నాలుగవది పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో, అదే చివరిది. ఇతని స్థానాన్ని డాన్ ఫౌట్స్ అనే కొత్త ఆటగాడు తీసుకున్నాడు. 1974లో సీజను మొదలు కాకముందే యునైటస్ ఆట నుండి విరమించుకున్నాడు. అప్పటికి ఇతని పాసులు 40,239 గజాలు, టచ్‌డౌన్ పాసులు 290. 1979లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

విశ్రాంత జీవితం, మరణం

1968 నాటి గాయం ఇతన్ని వదలలేదు. వయసు పెరిగేకొద్దీ కుడిచేతి వేళ్ళు పట్టు కోల్పోయాయి. గోల్ఫ్ ఆడాలంటే ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను కర్ర చుట్టూ ముడిచి పట్టీతో బిగించుకునేవాడు. మోకాళ్ళకు కృత్రిమ కీళ్ళు అమర్చారు. వైకల్య భృతి కోసం చేసిన దరఖాస్తును లీగ్ పథకం నిర్వాహకులు తిరస్కరించారు. 55 ఏళ్ళ లోపు దరఖాస్తు చేయలేదన్నది వారు చూపిన కారణాలలో ఒకటి. ఆ వయసు దాటిన తరువాతనే అనేకమంది ఆటగాళ్ళకు పాత దెబ్బల ఫలితం బయటపడుతుందన్న సంగతి ఆ నిబంధనలో లేదు.

1984లో కోల్ట్స్ జట్టును యజమాని ఇండియానాపోలిస్‌కు తరలించడంతో యునైటస్ ఆ జట్టుతో సంబంధాలు తెంచుకున్నాడు. 1996లో బాల్టిమోర్‌కు రేవెన్స్ అనే కొత్త జట్టు వచ్చాక దాని పోటీలకు తరచు వెళ్ళేవాడు. 2002 సెప్టెంబరు 11న మేరీలాండ్ రాష్ట్రంలోని టిమోనియంలో వ్యాయామం చేస్తుండగా గుండెపోటుతో మరణించాడు.

విశేషాలు

1999లో విడుదలైన ఎనీ గివెన్ సండే చలనచిత్రంలో యునైటస్ ప్రత్యర్థి జట్టు కోచ్ పాత్రలో కనిపించాడు.

కళాశాల చివరి సంవత్సరపు ఉత్తమ క్వార్టర్‌బ్యాక్‌కు 1987 నుండి ఇతని పేరిట గోల్డెన్ ఆర్మ్ పురస్కారం ఇస్తున్నారు.

యునైటస్ చీలమండల పైకి వచ్చే నల్లని బూట్లతో ఆడేవాడు. ఇతని మరణానంతరం నివాళిగా అటువంటి బూట్లు వేసుకోవాలని ఇండియానాపోలిస్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ భావించగా, 25,000 డాలర్ల జరిమానా విధిస్తామని లీగ్ హెచ్చరించడంతో విరమించుకున్నాడు. యునైటస్ చదివిన లూయీవిల్‌లోనే చదివి, రేవెన్స్‌కు ఆడుతున్న క్రిస్ రెడ్‌మన్ మాత్రం ఆ బూట్లతోనే ఆడి 5,000 డాలర్లు జరిమానా కట్టాడు.