కైఫియత్తుల దొర కల్నల్ మెకంజీ

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు దేశనాయకుల పేర్లు చాలా తలపుకు వచ్చాయి. వారి గురించి రాసేవారు మనలో ఎందరో ఉన్నారు. నేను జీవితమంతా రికార్డు రూములో గడిపినవాణ్ణి కాబట్టి, కాగితాలు కూడబెట్టిన మనిషి గురించే రాస్తాను.

కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండులోని లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్నంలో పుట్టారు. అక్కడ కస్టమ్స్ కొలువు చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చారు. లెక్కలంటే ప్రాణం. భారతీయ గణితం సంగతి తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా ఆయనను ఇటు లాగిందంటారు. యుద్ధాలు, సర్వేలు, గుడారాల మధ్య చాలా ఏళ్లు గడిచిపోయాయి. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు రాజ్యమంతటినీ కొలిచే పని ఆయనకు అప్పగించారు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు.

అంతటి అధికారికీ మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు. మరి ఊరూరి చరిత్ర ఎలా పోగుచేశారు? ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరుల వల్ల. వారిలో వెంకట బొర్రయ్యగారు 1796లో, ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర చేరారు. సంస్కృతం, పారశీకం, ఇంగ్లీషు నేర్చిన మనిషి. ఎవరికీ కొరుకుడుపడని పాత కన్నడ శాసనాలను చదివి చెప్పారు. 1803లోనే కన్నుమూశారు. ఆయన అనువదించిన జైనుల వృత్తాంతం ఆ తరువాత ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది. తమ్ముడు లక్ష్మయ్యగారు ఆ పని భుజాన వేసుకున్నారు.

పని జరిగిన తీరు మన శాఖవారికి బాగా తెలిసిన తీరే. గుమాస్తాలు ఊళ్లకు వెళ్లేవారు. కరణాన్నీ, పూజారినీ, పెద్దలనూ కూర్చోబెట్టి ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరికున్నాయి అని అడిగి రాసుకునేవారు. కరణాల ఇళ్లలోని కవిలెలు తీయించి నకళ్లు రాసేవారు. అలా తయారైనవే కైఫియత్తులు. రాజుల వంశావళి ఎక్కడైనా దొరుకుతుంది గాని, చెరువు కట్ట తెగితే ఎవరు పూడ్పించారో కైఫియత్తులో తప్ప ఎక్కడ దొరుకుతుంది?

మెకంజీ 1798లో అమరావతి వెళ్లారు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కొత్త పట్నం కడుతున్న రోజులవి. దిబ్బ తవ్వితే చెక్కడపు పలకలు బయటపడ్డాయి. మెకంజీ మనుషులు 1816 నుంచి అక్కడ ఆ శిల్పాలకు బొమ్మలు గీశారు. తరువాత ఎన్నో పలకలు పగిలిపోయాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. అలాంటివాటికి ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం.

పింఛను అందుకుంటున్న మనం గమనించవలసింది ఒకటుంది. ఆయనకు రిటైర్‌మెంటు అన్నదే లేదు. ఇండియాకు వచ్చాక ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా సొంతూరికి వెళ్లలేదు. 1821 మే 8న కలకత్తా సమీపంలో సర్వీసులోనే పోయారు. పోగుచేసినదాన్ని క్రమంలో పెట్టడానికి తీరిక చిక్కలేదు. ప్రభుత్వం ఆ సంపుటిని ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ అచ్చువేసిన పట్టికలో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్యగారు ముందుకు వచ్చారు. ఈ దేశస్థుడికి అంత పెద్ద బాధ్యత అప్పగించడానికి దొరలకు మనసొప్పలేదు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మద్రాసు చేరిన కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్‌గారు తిరిగి నకళ్లు రాయించారు. కడప జిల్లా కైఫియత్తులను మన కాలంలో అక్కడి బ్రౌన్ పరిశోధన కేంద్రంవారు పుస్తకాలుగా వేశారు. విల్సన్ పట్టికను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇంట్లో కూర్చుని చూడవచ్చు. అమరావతి బొమ్మలను బ్రిటిష్ లైబ్రరీవారు కంప్యూటరుకు ఎక్కించారు. 2023 అక్టోబరులో ఆ గ్రంథాలయం కంప్యూటర్లపై దాడి జరిగి చాలా సేవలు నెలల తరబడి ఆగిపోయాయి. కాగితానికి చెదలెలాగో దీనికి ఇదీ అలాగే.

ఇక నా సంగతి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు నేను ఒక తాలూకా కచేరిలో గుమాస్తాను. ఊళ్ల నుంచి కాగితాలు గోనెసంచుల్లో వచ్చి వరండాలో పడ్డాయి. అడంగళ్లు, ఇరవై రెండో నంబరు లెక్కలు వేరుచేసి బీరువాల్లో పెట్టాం. మిగిలినవి పాత చేతిరాతలు, తాటాకులు. ఏ ఫారానికీ చెందనివి. వాటిని పనికిరానివాటి జాబితాలో చేర్చి రాసింది నేనే. కింద సంతకమూ నాదే. చదివి చూడలేదు. తీరిక లేదని అప్పట్లో అనుకున్నాను.

పోయినేడు మా మనవరాలు ఫోనులో మా అమ్మమ్మగారి ఊరి కైఫియత్తు తీసి చూపించింది. అక్షరాలు పెద్దవి చేసి చదువుతూ పోతే, చిన్నప్పుడు నేను ఈతకొట్టిన చెరువు పేరు కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక నోటుబుక్కు తీసుకుని, ఆ గోనెసంచుల్లో ఏ ఊరి కాగితాలు చూశానో, పైన ఏమి రాసి ఉండేదో జ్ఞాపకం ఉన్నంతవరకు రాయడం మొదలుపెట్టాను. పదకొండు ఊళ్లు గుర్తుకు వచ్చాయి. మనవరాలు ఆ పేజీలకు ఫోటోలు తీసి దాచింది. నాతో ఆ రోజుల్లో పనిచేసినవారు మన సంఘంలో ఇద్దరున్నారు. పన్నెండో ఊరి పేరు వారికి గుర్తుంటే, వచ్చే సమావేశానికి నోటుబుక్కు వెంట తెస్తాను.