హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్

హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ (1887 - 1987) బ్రిటిషు సైనిక వైద్యుడు, పరాన్నజీవి శాస్త్రవేత్త. మలేరియా, కాలా అజార్ వ్యాధులపై చేసిన పరిశోధనల వలన ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. నాటి నెల్లూరు జిల్లా ప్రజలను పీడిస్తున్న కీళ్ళ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యలోకానికి తెలియజేసిన బృందానికి ఈయనే నాయకుడు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు నెల్లూరు జిల్లాలోనివే.

తొలి జీవితం

షార్ట్ పంజాబులో జన్మించాడు. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేసి 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. అస్సాంలో కాలా అజార్ కమిషనుకు నాయకత్వం వహించిన తరువాత మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరయ్యాడు.

నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్

ఈ మెట్టప్రాంతంలో పిల్లలకు గారపళ్ళు, పెద్దలకు బిగుసుకుపోయిన నడుము సామాన్యంగా కనిపించేవి. మెడ తిరగదు, మోచేయి పూర్తిగా చాపలేరు, వ్యాధి ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడతాయి. చూపులకు ఇది వాతం వంటిదే. గారపళ్ళకూ, పెద్దల నడుముకూ మూలం ఒకటేనని గుర్తించడమే ఇక్కడ అసలు రోగనిర్ణయం.

షార్ట్‌తో పాటు జి. ఆర్. మెక్‌రాబర్ట్, టి. డబ్ల్యు. బార్నార్డ్, ఎ. ఎస్. ఎం. నాయర్ ఈ పరిశోధనలో పాల్గొన్నారు. వీరిలో బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులోని రేడియాలజీ సంస్థకు ఈయన పేరే పెట్టారు. ఈ వ్యాధిలో ఎముకలు ఎక్స్‌రేలో మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపిస్తాయి. ఎముకలను కట్టి ఉంచే బంధనాలలో సున్నం పేరుకుంటుంది. ముంజేతిలో రత్ని, అరత్ని ఎముకల నడుమనుండే పలుచని పొర కూడా గట్టిపడుతుంది. వాతరోగం నుండి దీనిని వేరుచేయడానికి ఈ ముంజేతి గుర్తు చాలా ఉపయోగపడుతుంది. సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారిలతో కలిసి షార్ట్ అదే సంవత్సరం మరొక వ్యాసం ప్రచురించాడు. 1940లో పండిట్ బృందం పోషకాహార లోపం వ్యాధి తీవ్రతను ఎలా పెంచుతుందో కూడా పరిశీలించింది.

రోగం తెలిసింది గాని మందు దొరకలేదు. ఒకసారి బిగిసిన కీలును పూర్వస్థితికి తెచ్చే ఔషధం నేటికీ లేదు. చికిత్స అంటే ముఖ్యంగా నీరు మార్చడమే. వర్షం తక్కువై, రాతినేలల్లోని లోతైన బావులే ఆధారమైన చోట అది వైద్యుడి చేతిలోని పని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే నల్గొండ పద్ధతి రావడానికి 1970 దశకం వరకు, అంటే షార్ట్ వ్యాసం వెలువడిన తరువాత సుమారు నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఇతర పరిశోధనలు

కాలా అజార్ ఇసుక ఈగ కాటు వలన మనిషికి సోకుతుందని 1942లో సి. ఎస్. స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి నిరూపించాడు. మలేరియా క్రిములు దోమ శరీరంలో పెరుగుతాయని 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి అందరికీ తెలిసినదే. అయితే దోమ కుట్టిన తరువాత కొన్నాళ్ళు ఆ క్రిములు రక్తంలో కనబడవు. అవి అప్పుడు కాలేయంలో పెరుగుతుంటాయని 1948లో షార్ట్, గార్న్‌హామ్ లండనులో కనుగొన్నారు. తెలుగునాట రాస్ పేరుకు ఉన్న ప్రచారం షార్ట్‌కు రాలేదు. 1950లో ఈయన రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1987లో, నూరవ ఏట మరణించాడు.