వరదని ఊరి బయటే ఆపిన ఇంజనీరు

సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే. విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ, నాలుగు సెల్ఫీలు, అయిపోతుంది. ఆయన హైదరాబాద్‌కి ఏం చేశారో ఎవరూ చెప్పరు. నాకైతే ఆయన జీవితంలో బాగా నచ్చిన భాగం అదే.

1861లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మోక్షగుండం మాత్రం మన ప్రకాశం జిల్లా వైపు ఊరు! చిన్నప్పుడే తండ్రి పోతే, ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, పుణేలో ఇంజనీరయ్యారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆయన 1909లో వచ్చారు. నగరంలో నదిని చూసి ఊరుకోలేదు, ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతికారు. పైన 788 చెరువులుంటే 221 తెగాయని లెక్క తేలింది. అందుకే గట్లు ఒక్కటే చాలవని, ఎగువన మూసీ, ఈసీల మీద రిజర్వాయర్లు కట్టి, వరదని అక్కడే పట్టి మెల్లగా వదలాలన్నారు. మా నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పే బఫర్ అచ్చం ఇదే కదా! ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి.

మా క్యాంపస్‌లో పార్కింగ్ అంతా సిమెంటే. గంట వానకి బైకులు మునుగుతాయి. పక్కన ఇంకుడు గుంతలు, గడ్డి కాలువలు, చెట్ల మధ్య పల్లపు మడులు పెడితే అదే ఆలోచన, చిన్న సైజులో: వాన పడ్డచోటే నీటిని కాసేపు ఆపడం. ఇంకో పెద్ద డ్రైన్ తవ్వితే ఆ నీళ్లు పక్క కాలనీకి పోతాయంతే.

ఆయన 1962లో, నూరేళ్లు దాటాక పోయారు. జంట జలాశయాలు ఇంకా ఉన్నాయి. వాటికి నీళ్లు తెచ్చే వాగుల పక్కన ఇప్పుడు లేఅవుట్లు లేస్తున్నాయి.