నాస్తికుని ప్రమాణము: చార్లెస్ బ్రాడ్లా చరిత్రము

ఈ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసియిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు అడిగినపుడు నేను చార్లెస్ బ్రాడ్లా పేరు చెప్పితిని. నిత్యము భారత పారాయణము చేయుచు ఊరి లెక్కలు వ్రాసుకొనువానికి నాస్తికునితో నేమి పనియని ఒకరిద్దరు మిత్రులు నవ్విరి. నవ్వవచ్చును. కాని వాల్మీకి మహర్షి జాబాలి పలుకులను శ్రీరామునిచే ఖండింపజేసెనే గాని, ఆ పలుకులు పలుకకమునుపే వాని నోరు నొక్కలేదు. శాంతిపర్వమున చార్వాకుడు మాత్రము విప్రుల హుంకారముతో దగ్ధుడయ్యెను. ఈ రెండు దారులును మన పెద్దలెరిగినవే. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశము ఈ రెంటి నడుమ ఊగిసలాడిన కథయే బ్రాడ్లా కథ.

ఆయన 1833వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన లండను నగరమున హాక్స్టన్ అను పేటలో బీదకుటుంబమున జన్మించెను. తండ్రి ఒక న్యాయవాది కచేరిలో గుమాస్తా. బడి చదువు బాల్యముననే ముగిసినది. బాలుడు భక్తిపరుడు, ఆదివారపు బడిలో పిల్లలకు మతపాఠములు చెప్పుచుండెను. ఆ ప్రాంతపు బిషప్పు రానుండగా, మతాచార్యుడైన ప్యాకరు అనునాయన పరీక్షకు సిద్ధపడుమని వానికి చెప్పెను. ఆ పిల్లవాడు ఆంగ్లేయ మతశాఖవారి 39 సూత్రములను నాలుగు సువార్తలతో సరిపోల్చి చదివెను. రెండును పొసగని తావులు కనబడెను. సందేహము తీర్చుమని వినయముతో ఆచార్యునికి జాబు వ్రాసెను. ప్రశ్నించిన శిష్యునకు సమాధానము చెప్పుట గురుధర్మము. ఆ గురువు మాత్రము మీ కుమారుడు నాస్తికుడైనాడని తండ్రికి వ్రాసెను! అప్పటికి ఆ బాలుడు నాస్తికుడు కాడు. తరువాత మూడు దినములలో అభిప్రాయములు మార్చుకొననిచో కొలువు పోవునని వానికి గడువు విధింపబడెను. మూడవ దినమున వాడు ఇల్లు విడిచెను. నాస్తికుని పుట్టించినది నాస్తికుల గ్రంథములు కావు, సమాధానము చెప్పలేని ఆచార్యుని కోపమని నా యభిప్రాయము.

భావస్వాతంత్ర్యము కొరకు చెరసాలలు చూచిన రిచర్డు కార్లైలు కుటుంబము వానికి ఆశ్రయమిచ్చెను. పొట్టకొరకు బొగ్గు వ్యాపారము పెట్టెను. కొనువారిలో ముఖ్యురాలు ఒక రొట్టెల దుకాణము ఇల్లాలు. ఈతడు నాస్తికుడని విని, వీని బొగ్గుతో కాల్చిన రొట్టెలు నరకపు గంధకము కంపు కొట్టునని భయపడి ఆమె బేరము మానుకొనెను. వ్యాపారము మునిగినది. 1850లో ఈస్టిండియా కంపెనీ సేనలో చేరి మన దేశమునకు రావలెనని బయలుదేరెను గాని, వానిని స్వదేశపు దళమునకు మార్చి ఐర్లండుకు పంపిరి. అచట భూస్వాములు రైతులను గుడిసెలనుండి వెళ్లగొట్టుట కన్నులార చూచెను. 1853లో అవ్వ వరుసైన బంధువురాలు విడిచిపోయిన ధనముతో సైన్యమునుండి విడుదల కొనుక్కొని, న్యాయవాది వద్ద గుమాస్తాయై, కొలువు పోకుండ మారుపేరుతో ఉపన్యాసములిచ్చుచు, చట్టమును క్షుణ్ణముగ నేర్చెను. స్వయంకృషితో నేర్చిన ఆ న్యాయశాస్త్రమే తరువాత ఆయనకు కత్తియు డాలునయ్యెను. 1866లో జాతీయ లౌకిక సంఘమును స్థాపించెను.

ఆ కాలమున ఇంగ్లండులో దైవమును నమ్మనివాని సాక్ష్యము న్యాయస్థానమున చెల్లెడిది కాదు. వాని ఇల్లు దోచిన దొంగ యెదుట నిలిచియున్నను, దోపిడి పడినవాడు నోరు విప్పరాదు. ప్రమాణము చేసి అబద్ధమాడువాడు సాక్షి, ప్రమాణము నాకు నమ్మకము లేదని నిజమాడువాడు సాక్షి కాడు! లెక్కల పుస్తకములు చంకనిడుకొని కోర్టు మెట్లెక్కిన నావంటివారు, దైవసాక్షిగా పలికిన వారిలో ఎందరు ఎట్లు పలికిరో ఎరుగుదురు. నన్నయభట్టారకుని శకుంతల నిండుకొలువులో దుష్యంతునితో వాదించినది సత్యమును గూర్చియే గాని నమ్మకమును గూర్చి కాదు. బ్రాడ్లా మొదలగువారి పట్టుదల వలన 1869లో సాక్ష్యపు చట్టము సవరింపబడి, అట్టివారు దైవనామమెత్తక ధ్రువీకరణము చేసి సాక్ష్యమిచ్చుటకు వీలు కలిగెను.

1877లో ఆయనయు అనిబిసెంటమ్మగారును సంతాన నియమనమును గూర్చి నోల్టన్ అను అమెరికా వైద్యుడు వ్రాసిన చిన్న పొత్తమును పునర్ముద్రించి విచారణకు గురియైరి. ఇరువురికి ఆరేసి మాసముల శిక్ష పడినది గాని, అభియోగపత్రములోని లోపము వలన మరుసటి యేట అది కొట్టివేయబడెను. అయినను తల్లి నాస్తికురాలనియు, అట్టి పొత్తము ప్రచురించినదనియు బిసెంటమ్మగారి కుమార్తెను న్యాయస్థానము ఆమెనుండి వేరుచేసెను. తరువాత దివ్యజ్ఞాన సమాజమున చేరి మన మదనపల్లెలో కళాశాల నెలకొల్పినది ఆమెయే.

1880లో చెప్పులు కుట్టు కార్మికులు మెండుగా గల నార్తాంప్టన్ పట్టణము బ్రాడ్లాను పార్లమెంటుకు ఎన్నుకొనెను. సభ్యుడు భగవంతుని పేర రాజభక్తి ప్రమాణము చేయవలెను. ఆయన తనకు ధ్రువీకరణమును అనుమతింపుడని కోరెను. సభ కాదనెను. అట్లయిన ప్రమాణమే చేసెదననెను. నీవు నాస్తికుడవు, నీ ప్రమాణము చెల్లదని దానిని గూడ కాదనెను! ఆయనకు ముందు దైవభక్తి లేని సభ్యులు ఎందరో పెదవులు కదిపి ప్రమాణము చేసి సుఖముగ కూర్చుండిరి. ఈయన చేసిన తప్పు, ఆ మాటలలో కొన్ని తనకు అర్థరహితములని పత్రికలకు లేఖ వ్రాయుట. ఆ లేఖ వ్రాయకున్న సగము తగవు తప్పెడిదని నాకు తోచును. కాని వ్రాయకున్న ఆయన బ్రాడ్లా కాడు.

జూన్ 22న సభ తీర్మానము చేసెను. మరునాడు సభను విడిచిపోనన్నందుకు ఆయనను గడియారపు గోపురమున ఒక రాత్రి నిర్బంధించిరి. తరువాత గ్లాడ్‌స్టన్ మంత్రివర్గము చొరవతో ధ్రువీకరణము చేసి కూర్చుండెను గాని, క్లార్క్ అనువాడు దావా వేసెను. చట్టము ఒప్పని ధ్రువీకరణముతో ఇచ్చిన ప్రతి ఓటునకు 500 పౌనుల జరిమానా! 1881లో స్థానము పోయెను. నార్తాంప్టన్ ప్రజలు మరల ఎన్నుకొనిరి. ఆగస్టు 3న సభాద్వారమున పోలీసులు, భటులు ఆయనను మెట్లమీదుగా ఈడ్చివేసిరి. అంగీ చినిగెను, బాహువులు గాయపడెను. వెలుపల ఆయన పక్షమువారు వేలకొలది నిలిచియుండిరి. ఒక్క సైగ చేసిన ఏమి జరిగెడిదో! ఆయన చేయలేదు.

1882 ఫిబ్రవరిలో ఒకనాడు ఆయన తిన్నగా సభలోని బల్లయొద్దకు నడచి, జేబునుండి కాగితమును, బైబిలును తీసి, తనకు తానే ప్రమాణము చేసుకొని, వ్రాలుచేసి కూర్చుండెను. సభ బహిష్కరించెను, ప్రజలు మరల పంపిరి. 1884లోను అంతే. క్లార్క్ దావా మాత్రము 1883లో ప్రభువుల సభవరకు పోయి వీగిపోయెను. ఆ జరిమానా కోరుటకు ప్రభుత్వమునకే గాని ఇతరులకు అధికారము లేదని తీర్పు వచ్చెను.

ఆ యేటనే ధ్రువీకరణపు బిల్లు సభకు వచ్చెను. దాని పక్షమున నిలిచి వాదించినవాడు ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్. పరమ భక్తుడు, బ్రాడ్లా అభిప్రాయములను మనసార నిరసించువాడు. ఏదో యొక దైవమున్నదన్నవానిని, అది ఏ దైవమని అడుగక రానిచ్చి, లేదన్నవానిని త్రోయుట మతరక్షణము కాదనియు, అట్టి అన్యాయము మతమునకే చేటు తెచ్చుననియు ఆయన వాదసారము. నావంటి ఆస్తికునకు ఈ చరిత్రములో అన్నింటికంటె ప్రియమైన ఘట్టమిది. బిల్లు 289కి 292 ఓట్లతో, మూడంటే మూడు ఓట్లతో, ఓడిపోయెను.

1886 జనవరిలో క్రొత్త సభ కూడినపుడు అధ్యక్షుడు పీలు, ప్రమాణము చేయవచ్చిన సభ్యుని అడ్డగించు హక్కు ఎవరికిని లేదని ఆక్షేపణను వినక త్రోసివేసెను. ఆరేండ్ల పోరు ఆ నిమిషముతో తీరిపోయెను. 1888లో బ్రాడ్లాయే తెచ్చిన ప్రమాణముల చట్టము వలన పార్లమెంటునందును కోర్టులందును ధ్రువీకరణము అందరి హక్కైనది. మన రాజ్యాంగపు మూడవ షెడ్యూలులో దేవుని పేర ప్రమాణమును, ధ్రువీకరణమును రెండును పక్కపక్కన నుండుటను చూచునపుడు నాకు ఆ చినిగిన అంగీ జ్ఞప్తికి వచ్చును.

సభలో ఆయన భారతీయుల పక్షమున ఎంతగా ప్రశ్నించెననగా, ఆయనను భారతదేశపు సభ్యుడనిరి. 1889లో జబ్బుపడి లేచి, డిసెంబరులో బొంబాయి కాంగ్రెసు మహాసభకు వచ్చెను. ఆ యేట ప్రతినిధుల సంఖ్యయు సరిగా 1889 అగుట లెక్కలు వ్రాయువారికి ముచ్చట గొలుపును. తిరిగి పోయి శాసనసభల సంస్కరణకై బిల్లు సిద్ధపరచెను. అది నెగ్గుట చూడలేదు.

1891 జనవరిలో మరల మంచమెక్కెను. 27వ తేదీన కామన్సు సభ తన 1880 జూన్ తీర్మానమును సభాపత్రములనుండి తుడిచివేయుటకు అంగీకరించెను. ఆ వార్త వినునంతటి స్పృహ అప్పటికి ఆయనకు లేదు. 30వ తేదీన 57వ యేట గతించెను. చావు ముంచుకొనిరాగా నాస్తికుడు దేవుని తలచెనని ప్రచారము పుట్టునని ముందే ఎరిగిన కుమార్తె హైపేషియా, రోగిని కనిపెట్టుకొని యున్న వారందరిచేత, అట్టి మాట ఆయన నోట రాలేదని వ్రాలు చేయించి ఉంచెను. బ్రూక్‌వుడ్ శ్మశానమున ఏ మతకర్మయు లేక ఆయనను పూడ్చిరి. ఆనాడు లండనులో న్యాయశాస్త్రము చదువుచున్న మోహనదాసు గాంధీయు ఆ యంత్యక్రియకు పోయెను. బ్రాడ్లా మిగిల్చిన ఆస్తిలో ముఖ్యమైనవి గ్రంథములు. ఋణములు తీర్చుటకు వానిని అమ్మవలసి వచ్చెను. ఆ గ్రంథముల పట్టికను హైపేషియాయే ఆ యేడు అచ్చువేయించెను.