పాట్రిక్ అనే పేరు వెనుక



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని సంఘాల్లో పసిబిడ్డలకు కెవిన్, ర్యాన్, ఐడెన్, పాట్రిక్ వంటి పేర్లు పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. ఇవి ఐర్లండు దేశంలో వాడుకలో ఉన్న పేర్లు. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులు, రేపు బిడ్డ ఏ దేశం వెళ్లినా పలకడానికి సులువుగా ఉంటుందని వీటిని ఎంచుకుంటారు. పేరు వినగానే కులం ఆరా తీసే లోకంలో, ఏ కులమూ చెప్పని పేరు కావాలని కోరుకునేవారూ ఉన్నారు. ఆ కోరిక వెనుక ఉన్న బాధను మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే బిడ్డకు పేరు పెట్టేముందు, ఆ పేరు మోసిన మనిషి ఎలా బ్రతికాడో తెలుసుకోవడం మంచిది.

ఐర్లండుతో మన జంటనగరాలకు పాత బంధమే ఉంది. సికింద్రాబాద్‌లోని సెయింట్ మేరీస్ చర్చిని 1850లో పూర్తిచేసిన డేనియల్ మర్ఫీ గారు ఆ దేశస్థుడే. సెయింట్ పాట్రిక్స్ పేరుతో హైస్కూలు కూడా అక్కడ ఉంది. ఆ పాట్రిక్ గారి జీవితాన్ని ఈ వారం తలచుకుందాం.

నిజానికి ఆయన ఐర్లండువాడు కాడు, ఆయన పేరూ ఆ దేశపు పేరు కాదు. పాట్రిక్ అనేది లాటిన్ మాట. ఉన్నత వంశంలో పుట్టినవాడు అని దాని భావం. ఆయన 5వ శతాబ్దపు భక్తుడు, బ్రిటన్‌లో పుట్టాడు. తండ్రి కల్పూర్నియస్ సంఘంలో డీకన్, తాత పాదిరి. ఇంట్లో భక్తి ఉన్నా తాను మాత్రం దేవుణ్ణి ఎరుగకుండా పెరిగానని ఆయనే తరువాత రాసుకున్నాడు.

పదహారేళ్లు నిండబోతుండగా దోపిడీదారులు అతన్ని పట్టుకొని ఐర్లండుకు తీసుకుపోయి బానిసగా చేశారు. ఉన్నత వంశీకుడు అనే పేరు అతన్ని కాపాడలేకపోయింది. 6 సంవత్సరాలు మందలు కాశాడు. మంచులోనూ వానలోనూ తెల్లవారకముందే లేచి ప్రార్థించేవాడు. తండ్రి ఇంట్లో దొరకని దేవుడు ఆ బానిసత్వంలో దొరికాడు. ఒక రాత్రి కలలో వచ్చిన పిలుపును నమ్మి పారిపోయి, సుమారు 200 మైళ్లు నడిచి ఓడ చేరుకున్నాడు. చివరికి కన్నవారిని కలుసుకున్నాడు.

ఇక తమను విడిచి వెళ్లవద్దని వారు బ్రతిమాలారు. అయితే ఐర్లండు ప్రజలు తనను మళ్లీ రమ్మని పిలుస్తున్నట్టు ఆయనకు దర్శనం కలిగింది. యోసేపును అమ్మిన అన్నలు ఆకలితో అతని దగ్గరికి వచ్చారు. పాట్రిక్ మాత్రం తనను బానిసను చేసిన దేశానికి తానే బిషప్పుగా తిరిగి వెళ్లాడు. వేలమందికి బాప్తిస్మమిచ్చాడు. విశ్వాసులు ప్రేమతో తెచ్చిన నగలను, కానుకలను సువార్తకు మచ్చ రాకూడదని తిరిగి ఇచ్చేశాడు. కొరోటికస్ అనే నాయకుని సైనికులు కొత్తగా బాప్తిస్మం పొందినవారిని చంపి, మిగిలినవారిని బానిసలుగా పట్టుకుపోయినప్పుడు, ఆయన భయపడకుండా వారిని ఖండిస్తూ ఉత్తరం రాశాడు. తనకు పుట్టుకతో వచ్చిన హోదాను ఇతరుల మేలుకోసం అమ్ముకున్నానని ఆ ఉత్తరంలోనే చెప్పుకున్నాడు.

ఆయన మీది గౌరవంతో ఐర్లండు ప్రజలు చాలా కాలం తమ బిడ్డలకు నేరుగా పాట్రిక్ అని పెట్టుకోలేదు. గిల్లా పాట్రిక్, అంటే పాట్రిక్ దాసుడు అని పెట్టుకున్నారు. ఫిట్జ్‌పాట్రిక్ అనే ఇంటిపేరు అందులోనుంచి వచ్చిందే.

ఈ మాట వింటే మనకు మన తాతల పేర్లు గుర్తుకు రావాలి. ఏసుదాసు, ప్రభుదాసు, దేవదాసు. ఊరి పెద్దలు చిన్నచూపుతో పిలిచిన పిలుపులను విడిచి, బాప్తిస్మంలో ఈ పేర్లు పొందినవారు మన సంఘాల్లో ఎందరో. దాసుడు అనే మాటకు వారు సిగ్గుపడలేదు. ప్రభువుకు దాసుడైనవాడు ఏ మనిషికీ బానిస కాడని ఆ పేరుతోనే చాటారు. ఈనాడు ఆ పేర్లు పాతవని, పల్లెటూరి పేర్లని కొందరు పక్కన పెడుతున్నారు. పాట్రిక్ గారు మాత్రం ఆ తాతల పక్కనే కూర్చునేవాడని మా నమ్మకం.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు పాట్రిక్ అని పెట్టండి, ప్రభుదాసు అనే పెట్టండి. ఏ పేరూ దానంతట అది బిడ్డకు గౌరవం తెచ్చిపెట్టదు. పేరుతోపాటు దాని వెనుక ఉన్న సాక్ష్యాన్ని కూడా ఇవ్వండి. పాట్రిక్ అని పెడితే, ఏటా మార్చి 17న ఆయన జ్ఞాపకార్థ దినాన ఈ కథ బిడ్డకు చెప్పండి. తాత పేరు పెడితే, ఆ తాత ఆ పేరు కోసం ఏమి ఓర్చుకున్నాడో చెప్పండి. మన బిడ్డల పేర్లు జీవగ్రంథంలో ఉండునట్లు ప్రభువు కృప చూపునుగాక. ఆమేన్.